బోర్డులో ఎవరూ కాదనరు, ఎవరూ అవుననరు. కొత్త సీఈఓ ఏం చెయ్యాల?

సంగం_అమ్మాయి

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా సంగం సైడు. అగ్రి బీఎస్సీ చేసి ఇప్పుడు మా దగ్గరే ఒక ఎఫ్‌పీఓ (రైతులే వాటాలు కట్టి పెట్టుకున్న కంపెనీ) లో సీఈఓ గా చేస్తా ఉండా. పేరుకి సీఈఓ గానీ లారీ వస్తే ఎరువుల బస్తాలు లెక్కపెట్టేది కూడా నేనే అనుకోండి. మెంబర్లు ఐదొందల పైన ఉండారు, డైరెక్టర్లు పది మంది, స్టాఫ్ నాతో కలిపి ఐదుగురం. ఎరువులు విత్తనాలు అమ్ముతాం, కోతల టైంలో వడ్లు కొని మిల్లులకి తోలతాం.

ప్రాబ్లం ఏందంటే అప్పు. రోజూ ఎవరో ఒక డైరెక్టర్ స్టోర్ అబ్బాయికి ఫోన్ చేసి "మా బావమరిది వస్తా ఉండాడు, పది బస్తాలు యూరియా ఎత్తి పంపించు, రాసుకో" అంటారు. వాడు రాసుకుంటాడు, నోట్ బుక్కులో. ఆ బుక్కులో కొన్నిచోట్ల పేరు కూడా ఉండదు, "చైర్మన్ గారి మనిషి" అని మాత్రం ఉంటది. సబ్సిడీ ఎరువు కాబట్టి ఆధార్ పెట్టి వేలిముద్ర వేస్తేనే పాస్ మెషిన్లో (ఎరువుల అమ్మకం నమోదు చేసే మెషిన్) స్టాక్ తగ్గేది, ఇట్టా ఎత్తి పంపిస్తే మెషిన్లో స్టాక్ ఒకటి, గోడౌన్లో స్టాక్ ఒకటి. వ్యవసాయాధికారి చెకింగుకి వస్తే లైసెన్సు మీదకి వచ్చే పని ఇది.

ఇంకోటి, మాది 2020 లో వచ్చిన పదివేల ఎఫ్‌పీఓల స్కీం కింద పెట్టింది. మూడేళ్ళకి 18 లక్షల దాకా మేనేజ్‌మెంట్ ఖర్చు ఇస్తారు కదా, మా జీతాలు అద్దెలు అందులోంచే, అది ఇంక అయిపోవస్తా ఉంది. ఆ తర్వాత మన వ్యాపారం మీద మనమే నిలబడాల. బయట బాకీలు అట్టా ఉంటే ఎట్టా నిలబడతాం?

అందుకని పోయిన బోర్డు మీటింగులో మూడు విషయాలు పెట్టినా. అప్పుకి లిమిట్, ప్రతి బస్తాకీ కంప్యూటర్ బిల్లు, స్టోర్‌కి ఎవరూ డైరెక్ట్ గా ఫోన్ చెయ్యకుండా ఉండటం. అందరూ విన్నారు, ఒక్కరు కూడా కాదనలా. చైర్మన్ గారు "మంచిదే లేమ్మా, చూద్దాం" అన్నారు, టీలు వచ్చినాయి, సోమశిల నీళ్ళ సంగతి మొదలైంది, మీటింగ్ అయిపోయింది. మినిట్స్ (మీటింగ్ రికార్డు) లో రాయటానికి ఏమీ లేదు. మళ్ళీ సాయంత్రం టీ బంకు దగ్గర మాత్రం "నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల మనకి రూల్స్ చెప్తా ఉంది" అన్నారని మా ఫీల్డ్ అబ్బాయి చెప్పినాడు.

తమాషా ఏందంటే ప్రింటర్ ఇంకు కొనాలన్నా చైర్మన్ గారికి ఫోన్ చేసి అడగాల, అదే సీజన్‌కి ఎన్ని లోడ్లు డీఏపీ ఎరువు తెప్పించాల అంటే మాత్రం ఎవరూ తేల్చరు. చిన్నదానికి పర్మిషన్ కావాల, పెద్దదానికి దిక్కు లేదు.

బోర్డు ఒప్పుకోకపోయినా నేను స్టోర్ లో అమలు చేసెయ్యొచ్చా? లేకపోతే ఇట్టాంటి బోర్డుతో పని చేయించుకునే దారి ఏదన్నా ఉందా? ఇట్టాంటి చోట్ల పనిచేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

బెంగళూరు_నెల్లూరోడు

చెల్లెమ్మా రెజ్యూమె అప్‌డేట్ చేసుకో. జోక్ చేస్తున్నాలే. మా కంపెనీలో కూడా ఇదే, కాకపోతే ఇక్కడ "చూద్దాం" అనకుండా "ఆఫ్‌లైన్ లో మాట్లాడుకుందాం" అంటారు, టీ బదులు కాఫీ మెషిను. ఫాలో అవుతున్నా థ్రెడ్డు.

---

ట్రంకు_రోడ్డు_సీఎస్

మేడం, నేను నెల్లూరులో కంపెనీ సెక్రటరీ ప్రాక్టీసులో ఉన్నా, కొన్ని ఎఫ్‌పీఓల ఫైలింగులు చూస్తా. ముందు మీ సీటు ఏందో మీకు క్లియర్ గా తెలియాల.

మీ ఎఫ్‌పీఓ లాంటివి చట్టం లెక్కలో ప్రొడ్యూసర్ కంపెనీలు. వీటి రూల్స్ 2002 లో పాత 1956 కంపెనీల చట్టంలోకి వచ్చినాయి, ఇప్పుడు 2013 చట్టంలో 21ఏ భాగంలో ఉన్నాయి, సెక్షన్లు అన్నీ 378 తో మొదలవుతాయి. దాని ప్రకారం ఫుల్ టైం సీఈఓ ఉండి తీరాల, ఆ మనిషి మెంబర్ కాకూడదు, బోర్డే పెట్టాల. సీఈఓ హోదా రీత్యా డైరెక్టర్ కూడా, మిగతావాళ్ళ లాగా రొటేషన్లో దిగిపోయే పని లేదు. అంటే ఆ బల్ల దగ్గర మీరు వచ్చి రిపోర్ట్ చదివి పొయ్యే మనిషి కాదు. బోర్డు మీటింగుకి నోటీసు ఇచ్చేది కూడా సీఈఓనే, వారం ముందు ఇవ్వాల, మూడు నెలలకి ఒకసారన్నా మీటింగ్ జరగాల. ఈ నోటీసు మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం, చాలామంది సీఈఓలు దాన్ని "ఫలానా రోజు మీటింగ్, అందరూ రావలెను" అని వాట్సాప్ మెసేజ్ గా వేస్ట్ చేస్తారు.

రోజువారీ పనులు నడపటం, క్యాష్ జాగ్రత్త, లెక్కల పుస్తకాలు సరిగ్గా ఉంచటం, ఇవన్నీ చట్టంలోనే సీఈఓ పనులుగా రాసున్నాయి. కాబట్టి బిల్లు కొట్టటం, పాస్ మెషిన్ స్టాక్ కలవటం, వీటికి మీరు ఎవరి పర్మిషనూ అడగబళ్ళేదు, అది మీ డ్యూటీ. రేపు తేడా వస్తే మొదట అడిగేది మిమ్మల్నే. అప్పు లిమిట్ ఎంత అనేది మాత్రం పాలసీ, అది బోర్డే తీర్మానం చెయ్యాల. ఈ రెండూ కలిపి ఒకే అజెండాలో పెట్టారు చూడండి, అందుకే రెండిటికీ కలిపి ఒకటే "చూద్దాం" వచ్చింది.

డైరెక్టర్ల చుట్టాల సంగతి. మెంబరుకి వ్యాపారానికి సంబంధించి క్రెడిట్ ఇవ్వొచ్చు, ఆరు నెలలు మించకూడదు. డైరెక్టర్‌కి గానీ డైరెక్టర్ బంధువుకి గానీ లోన్, అడ్వాన్స్ ఇవ్వాలంటే మాత్రం జనరల్ బాడీలో, అంటే మెంబర్లందరి మీటింగులో, ఆమోదం ఉండాల, బోర్డుకి కూడా ఆ పవర్ లేదు. "రాసుకో" అని ఫోన్లో చెప్పే పెద్దమనిషికి ఈ సంగతి తెలిసే ఉండదు. బావమరిది అసలు మెంబరో కాదో కూడా చూడండి.

ఇంక ప్రింటర్ ఇంకు. దానికి ఒక అధికారాల తీర్మానం చేయించుకోండి, ఇట్టా ఉంటే చాలు: "ఒక్కో ఖర్చు 5,000 వరకు సీఈఓ సొంతంగా చెయ్యవచ్చు, 5,000 నుంచి 50,000 వరకు సీఈఓ, చైర్మన్ ఇద్దరి సంతకంతో, ఆ పైన బోర్డు తీర్మానంతో. చేసిన ఖర్చుల పట్టిక ప్రతి మీటింగులో పెట్టాల." అంకెలు మీ టర్నోవర్ బట్టి మార్చుకోండి. చివరి వాక్యం మాత్రం తీసెయ్యొద్దు, అది ఉంటేనే చైర్మన్ సంతకం పెడతాడు.

---

కొండపి_వదిన

అమ్మాయ్, పైన సార్ చెప్పింది రూలు, బాగుంది. కానీ ఆ సెక్షన్లు పట్టుకుని మీటింగులో చదివావంటే నీ పని అయిపోయినట్టే. పది మంది పెద్దోళ్ళ ముందు "మీ బావమరిదికి ఇవ్వటం చట్టవిరుద్ధం" అంటే ఆయన ఇంక జన్మలో నీకు ఓటెయ్యడు, పక్కనున్న తొమ్మిది మంది కూడా ఆయన మొహం చూసి మాట్లాడరు.

మాది ప్రకాశం జిల్లా, నేను డ్వాక్రా గ్రూపు నుంచి మొదలుపెట్టి గ్రామైక్య సంఘం, తర్వాత మండల సమాఖ్యలో ఆఫీస్ బేరర్ గా చేశా. పక్కనే మీ నెల్లూరులో 1992 లో దూబగుంట ఆడోళ్ళు సారా మీద లేచారు, ఆ తర్వాతే రోజుకి రూపాయి లెక్కన పొదుపు లక్ష్మి గ్రూపులు పుట్టినయ్, ఆ గాలే మాకూ వచ్చింది. మా బోర్డులో చదువుకున్నోళ్ళు తక్కువ, నోరున్నోళ్ళు ఎక్కువ. అయినా తీర్మానాలు జరిగేవి, ఎట్టాగంటే మీటింగుకి ముందే ఒక్కొక్కళ్ళ ఇంటికి పోయేవాళ్ళం. ఇంట్లో మనిషి వేరు, మీటింగులో మనిషి వేరు. ఇంట్లో కూర్చుంటే అసలు సంగతి చెప్తారు, "నాకేం అభ్యంతరం లేదమ్మా, ఫలానాయన బాకీ వదిలేసి నా బాకీ అడిగితే మాత్రం ఊరుకోను" అని. అదీ అసలు మాట. అది మీటింగులో ఒక్కడు కూడా పైకి అనడు.

నువ్వు చెప్పినదాంట్లో నాకు కనపడేది అదే. వాళ్ళు బిల్లుకి భయపడటం లేదు, ఎవరి బాకీ ఎంతో కంప్యూటర్లో అందరికీ కనపడుద్దని భయపడతన్నారు. కాబట్టి లిస్టు తయారు చేసుకో కానీ మీటింగులో చదవబాకు. చైర్మన్ ఇంటికి పో, ఆయన కాగితం ఒక్కటే ఆయనకి చూపించు, మిగతావాళ్ళది చూపించబాకు. "సార్, మీరు ముందు కట్టేసి మొదలుపెడితే మిగతావాళ్ళని నేను అడగగలను, అప్పుడు ఈ పద్ధతి మీరు పెట్టిందని ఊళ్ళో పేరు వస్తది" అను. పేరు ఆయనకి పోనీ, నీకెందుకు పేరు.

ఇంకోటి. మా దగ్గర మీటింగు లేచే ముందు మినిట్స్ బుక్కు బుక్ కీపర్ పైకి చదువుద్ది, అందరూ వినాల్సిందే, విన్నాకే సంతకాలు. చదివేటప్పుడు "అప్పుల లిమిట్ గురించి చర్చించి వచ్చే మీటింగుకి వాయిదా వేయడమైనది" అని వచ్చిందనుకో, ఎవరో ఒకరు "వాయిదా ఎందుకు, ఇప్పుడే తేల్చండి" అంటారు. అనకపోయినా పర్లా, వచ్చే మీటింగులో మొదటి పాయింటు అదే అవుద్ది, మర్చిపోయామని తప్పించుకోలేరు. "మినిట్స్ లో రాయటానికి ఏమీ లేదు" అన్నావే, ఉంది. చూద్దాం అన్నా సరే ఎవరు, ఎప్పటికి చూస్తారో రాయి.

---

ట్రంకు_రోడ్డు_సీఎస్

వదిన గారూ, ఇళ్ళకి పోవటం మీద నాకు కొంచెం డౌటే. సీఈఓ ఒక్కో డైరెక్టర్ ఇంటికి పోయి ముందే ఒప్పించుకుంటే మీటింగ్ అనేది సంతకాల తంతు అవుతుంది. ఇంట్లో ఏం ఒప్పుకున్నారో రికార్డు ఉండదు, రేపు "నాకు ఇట్టా చెప్పలేదే" అంటే ఆమె దగ్గర ఏముంది? పైగా ఆడపిల్ల, చైర్మన్ ఇంటికి ఒక్కతే పోయింది అని కూడా అనేవాళ్ళు ఉంటారు మన ఊళ్ళలో.

---

కొండపి_వదిన

ఒంటరిగా ఎందుకు పోవాల, బోర్డులో లేడీ డైరెక్టర్ ఉంటది కదా, ఆమెని తోడు తీసుకుపో. నెలనెలా ఆఫీసు లెక్కలు చూపిస్తానని నాలుగు ఇళ్ళు తిరిగినా అడిగేవాళ్ళు లేరు. సంతకాల తంతు అంటారా, ముందు మాట్లాడకుండా పెడితే ఏం జరిగిందో ఆ అమ్మాయి రాసింది కదా, టీ తాగి లేచిపోయారు. ఇంట్లో మాట్లాడుకునేది అభ్యంతరం ఏందో తెలుసుకోటానికి, తీర్మానం మీటింగులోనే.

---

విడవలూరు_రైతు

నేను మీ అందరికీ అవతల వైపు మనిషిని, ఒక ఎఫ్‌పీఓ లో డైరెక్టర్ని. డైరెక్టర్లు అంటే అడ్డం పడేవాళ్ళు అన్నట్టు మాట్లాడుతుండారు, మా వైపు కూడా వినండి.

ఎఫ్‌పీఓ పెట్టేటప్పుడు ఊళ్ళో వాటా డబ్బు ఎవరిచ్చినారు? ప్రభుత్వం మెంబరుకి 2,000 దాకా ఈక్విటీ గ్రాంటు కలుపుతాది నిజమే, కానీ ముందు రైతు జేబులోంచి కట్టాల కదా. ఆ డబ్బు మా చుట్టాలు మా పక్క పొలంవాళ్ళు మా మాట మీద కట్టినారు. కంపెనీ పేరు చూసి కాదు, స్కీం చూసి కాదు. ఇప్పుడు వాడు నాట్లు పెట్టుకుని యూరియాకి వస్తే "లిమిట్ దాటింది పో" అంటే వాడు వచ్చి నన్ను అడుగుతాడు, నా ఇంటి ముందు నిలబడి అడుగుతాడు, అమ్మాయిని అడగడు. ఆమె రేపు ఇంకో ఉద్యోగం చూసుకుని పోతాది. తప్పుగా అనుకోబాక తల్లీ, ఉన్నమాట చెప్తుండా.

ఇంక అప్పు ఎందుకు కావాల అంటే. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ బస్తా 1,350. పదెకరాలు కౌలుకి చేసేవాడికి నాట్లప్పుడు చేతిలో ఆ డబ్బు ఉండదు, కౌలు ముందే కట్టి ఉంటాడు. ప్రైవేటు కొట్టులో అప్పు ఇస్తారు, ఇచ్చి వడ్డీ వేస్తారు, దాంతోపాటు అవసరం లేని మందు డబ్బాలు నాలుగు అంటగడతారు, కోతలప్పుడు వడ్లు ఆయన చెప్పిన ధరకి ఆయన చెప్పిన మనిషికే తొయ్యాల. మన ఎఫ్‌పీఓ పెట్టింది ఆ ముడి విప్పటానికే కదా. ఒక్కసారిగా అప్పు బంద్ చేస్తే రైతు మళ్ళీ ఆ కొట్టుకే పోతాడు, ఎరువుతో పాటు మనకి రావాల్సిన వడ్లు కూడా అటే పోతాయి.

కాబట్టి అప్పు బంద్ అనబాక, పద్ధతిగా ఇద్దాం అను. ఎకరాకి ఇంత అని పెట్టు, వడ్లు మనకే తోలతానని కాగితం రాయించుకో, వడ్ల డబ్బులోంచి పట్టుకో. పాత బాకీ ఉన్నోడికి సగం కట్టినాకే కొత్తది. దీనికి ఏ డైరెక్టరూ కాదనడు, ఎందుకంటే దీన్ని ఊళ్ళోకి పోయి చెప్పుకోగలం.

టైం కూడా చూసుకో. మనకి పెద్ద పంట నారుమళ్ళు అక్టోబరు నవంబరుల్లో, కోతలు ఫిబ్రవరి మార్చిలో. నాట్లు పడేటప్పుడు కొత్త రూలు పెట్టావంటే గోడౌన్ దగ్గర గొడవలే. ఎడగారుకి, అంటే రెండో పంటకి, పెట్టు. అప్పుడు ఎకరాలు తక్కువ, ఐఏబీ (సాగునీటి సలహా బోర్డు) మీటింగులో ఏ కాలవకి ఎన్ని నీళ్ళో తేల్చినాక ఎంతమంది వస్తారో నీకే లెక్క తెలుస్తాది, ఆ తక్కువ మందితో అలవాటు చేస్తే పెద్ద పంట నాటికి గాడిన పడతాది.

మా దగ్గర ఒక మార్పు ఎట్టా జరిగిందో చెప్తా. మేం తూకాలు క్వింటాలులోకి మార్చాలనుకున్నాం. మన జిల్లాలో వడ్లు అంటే పుట్టి లెక్క, పుట్టి 850 కిలోలు, దళారులు తరుగనీ తేమనీ చెప్పి ఇంకా పైన లాగేస్తారు, అది మీకు తెలిసిందే. క్వింటా అంటే రైతు "నాకు పుట్టికి ఎంతొస్తాదో చెప్పు" అంటాడు. మా సీఈఓ అబ్బాయి ఏం చేసినాడంటే వాదించలా, బిల్లు మీద రెండూ కొట్టించినాడు. 2024-25 లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటా 2,320, పక్కనే పుట్టి 19,720 అని. రైతు ముందు పుట్టి అంకె చూస్తాడు, పక్కన కాటాలో పడిన కిలోలు చూస్తాడు. బయట పుట్టి అని చెప్పి ఎన్ని కిలోలు లాగుతుండారో వాడికే అర్థమైంది. ఆ తర్వాత మా డైరెక్టర్లలో ఎలక్ట్రానిక్ కాటా వద్దన్న పెద్దాయనే పక్క ఊరికి పోయి మా కాటా గురించి చెప్పినాడు. క్వింటాలే కరెక్టు, పుట్టి పాతకాలం అని మీటింగు పెట్టి చెప్పుంటే ఇప్పటికీ నడిచేది కాదు.

---

సంగం_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. విడవలూరు అన్నా, మీరు చెప్పింది కొంచెం గట్టిగానే తగిలింది గానీ నిజం. ఈ అమ్మాయి పోతాది అనే మాట మా ఊళ్ళో కూడా అంటా ఉంటారు, మొహం మీద అనరు అంతే. నేను పెట్టింది "అప్పుకి లిమిట్" అని, వాళ్ళకి వినపడింది "అప్పు బంద్" అని, అది ఇప్పుడు అర్థమవుతా ఉంది.

సీఎస్ గారూ, లిస్టు చూసినా, రాసుకున్న పేర్లలో కొంతమంది మెంబర్లే కారు. అది వేరే తలనొప్పి.

ఇంకో సంగతి అడగాల. మా గుమాస్తా గారు, పెద్దాయన, ఎఫ్‌పీఓ పెట్టిన దగ్గర్నుంచి ఆయనే లెక్కలు. కంప్యూటర్లో ఎంట్రీ చెయ్యమంటే "చేస్తానమ్మా" అంటారు, చెయ్యరు, సాయంత్రం దాకా బుక్కులోనే రాస్తారు. ఎవరు ఎంత బాకీ, ఎవరి అన్న ఎవరు, ఎవరు కోతలప్పుడు కడతారు ఎవరు కట్టరు, మొత్తం ఆయన తలకాయలో ఉంది. ఆయనతో గట్టిగా మాట్లాడాలంటే నోరు రావట్లా, మా నాన్న కంటే పెద్ద. స్టోర్ అబ్బాయి ఆయనకీ నాకూ మధ్యలో నలిగిపోతుండాడు. డైరెక్టర్ ఫోన్ చేస్తే వాడు కాదనలేడు, ఇస్తే నేను అరుస్తా.

---

చీమకుర్తి_షిఫ్ట్_ఇంచార్జ్

గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తా నేను, పాలిషింగ్ లైను. బోర్డుల సంగతి నాకు తెలీదు కానీ ఈ గుమాస్తా గారి లాంటి మనిషి ప్రతి ఫ్యాక్టరీలో ఒకడు ఉంటాడు. మా దగ్గర గెలాక్సీ గ్రానైట్ బ్లాకు చూసి దీంట్లో ఎన్ని స్లాబులు లేస్తాయో, ఎక్కడ పగులు ఉందో తట్టి చెప్పే పెద్ద మేస్త్రి ఉన్నాడు. మేనేజ్‌మెంటు బ్లాకు రికార్డు మొత్తం ట్యాబులో ఎక్కించాలంది. ఆయన నెలలు గడిచినా ట్యాబు ముట్టుకోలా. అందరూ మొండోడు అన్నారు. నేను ఒకరోజు టీ టైంలో కూర్చుని అడిగితే చెప్పాడు, "అన్నీ అందులో ఎక్కిస్తే ఇంక నేనెందుకు రా?" అని. అంతే సంగతి. ట్యాబు రాక కాదు, ఆయన మనవడి ఫోన్లో యూట్యూబ్ బ్రహ్మాండంగా చూస్తాడు.

మీ గుమాస్తా గారికి ఎవరన్నా సూటిగా చెప్పారా, సాఫ్ట్‌వేర్ వచ్చినాక కూడా ఆయన ఉద్యోగం ఉంటదని, జీతం తగ్గదని? ఈ ఒక్క మాట చైర్మన్ నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచి వస్తే నమ్మరు. అది చెప్పకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా దండగ.

తర్వాత టైపింగు ఆయన మీద పెట్టొద్దు. స్టోర్ అబ్బాయి బిల్లు కొడతాడు, సాయంత్రం ఆ రోజు బిల్లుల షీటు ప్రింటు తీసి పెద్దాయన ముందు పెట్టండి, ఆయన బుక్కుతో కలిపి చూసి తప్పులు పట్టి సంతకం పెట్టాలి. తప్పులు పట్టే పనంటే మావాడికి ప్రాణం లేచొచ్చింది, మీ ఆయనకీ అంతే అయ్యుద్ది. అయితే బుక్కూ కంప్యూటరూ రెండూ ఎప్పటికీ నడిపించొద్దు, ఫలానా నెలాఖరుతో బుక్కు బంద్ అని ముందే తేదీ చెప్పెయ్యండి. తేదీ లేకపోతే రెండు లెక్కలు అవుతాయి, రెండు లెక్కలు కలవవు, అప్పుడు అందరూ "బుక్కే కరెక్టు" అంటారు.

స్టోర్ అబ్బాయికి అడ్డం పెట్టుకోటానికి ఏదో ఒకటి ఇవ్వాలి. పదివేల జీతగాడు డైరెక్టర్ని ఎట్టా కాదంటాడు? "సార్, బిల్లు లేకుండా మెషిన్ ఒప్పుకోదు, మీ మనిషిని ఆధార్ పట్టుకుని రమ్మనండి" అనమనండి. ఇది అబద్ధం కూడా కాదు కదా. మెషిన్ మీద కోపం వస్తే వాడిమీద రాదు. ఇంకా కాదంటే "మేడంకి ఫోన్ చెయ్యండి" అనాలి, అప్పుడు మీరు ఆ ఫోన్ ఎత్తాలి, మీరు కూడా వాడినే తిట్టి వదిలేస్తే వాడు రేపట్నుంచి ఇద్దరికీ చెప్పకుండా ఇచ్చేస్తాడు.

---

విడవలూరు_రైతు

చీమకుర్తి తమ్ముడు కరెక్టుగా చెప్పినాడు. అమ్మాయ్, డైరెక్టర్లకి కూడా ఇట్టాంటి అడ్డం కావాల తెలుసా. మా ఇంటి ముందుకి చుట్టం వచ్చి నిలబడితే "నా చేతిలో ఏముందిరా, బోర్డు తీర్మానం అయింది, నాకైనా అంతే" అని చెప్పుకోటానికి ఒక కాగితం ఉంటే మాకూ ప్రాణానికి హాయి. సగం మంది డైరెక్టర్లు లోపల అదే కోరుకుంటా ఉంటారు. అది వాళ్ళ చేత అనిపించు.

---

సంగం_అమ్మాయి

సరే, ఇప్పుడు అనుకుంటున్నది ఇది. బిల్లు, పాస్ మెషిన్ రేపట్నుంచే స్టోర్‌లో మొదలుపెడతా, అది బోర్డుని అడగను, తెలియజేస్తా అంతే. లేడీ డైరెక్టర్ ఒకామె ఉండారు, మీటింగుల్లో నోరు తెరవరు గానీ ఆమె బాకీ ఒక్క రూపాయి లేదు, ఆమెని తోడు తీసుకుని ముందు చైర్మన్ గారి దగ్గరికి పోతా, గుమాస్తా గారి మాట కూడా ఆయన చేతే చెప్పిస్తా. ఎకరా లెక్కన అప్పు, వడ్లలోంచి పట్టుకోటం, పాత బాకీ సగం కట్టాలనేది, ఇది మాత్రం తీర్మానంగా అజెండాలో మొదటి పాయింటు. అధికారాల తీర్మానం రెండోది. డైరెక్టర్ల చుట్టాల బాకీలు ఈ మీటింగులో ఎత్తను, ముందు వసూలుకి టైం ఇస్తా, మిగిలినవి జనరల్ బాడీ మీటింగ్ వచ్చే లోపల తేల్చుకోవాలని చైర్మన్ గారికి విడిగా చెప్తా.

సీఎస్ గారూ, ఇట్టా చుట్టాల బాకీలు వెనక్కి నెట్టడం తప్పు అవుతుందా?

---

ట్రంకు_రోడ్డు_సీఎస్

వసూలు చేసుకోటానికి టైం ఇవ్వొచ్చు మేడం, కానీ ఈ రోజు నుంచి ఆ పేర్ల మీద కొత్తగా ఒక్క బస్తా కూడా పోకూడదు, ఇది గట్టిగా పట్టుకోండి. చైర్మన్ గారికి విడిగా చెప్పేది నోటితో పాటు ఒక చిన్న లెటర్ గా కూడా ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి, రేపు ఆడిటర్ అడిగితే మీ దగ్గర కాగితం ఉండాల. మెంబర్లు కానివాళ్ళ బాకీ వేరే షీటు పెట్టండి, అది ముందు వసూలు చెయ్యండి, దాన్ని సమర్థించటానికి ఎవరూ రారు కాబట్టి తేలిగ్గా వస్తుంది.

అజెండాతో పాటు తీర్మానం డ్రాఫ్టు కూడా నోటీసుకి జత చేసి పంపండి, వారం ముందు, కాగితం మీద, ఒక్కొక్కరికీ చేతికి ఇచ్చి. కోరం, అంటే మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన మంది, డైరెక్టర్ల మొత్తంలో మూడో వంతు, ముగ్గురికి తక్కువ కాకుండా, మీ బోర్డులో నలుగురు వస్తే చట్టప్రకారం సరిపోతుంది గానీ ఈ మీటింగుకి నలుగురితో కానివ్వొద్దు, రానివాళ్ళే తర్వాత మాకు తెలీదంటారు.

---

కొండపి_వదిన

మీటింగు గోడౌన్లోనే పెట్టు, చైర్మన్ ఇంట్లో వద్దు. టీలు తీర్మానం అయినాక ఇప్పించు.